ఐదో దెబ్బ

నా చేతులు నరకాలని ఎవడో రాశాడు. పొద్దున జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా తన జిరాక్సు కొట్లో కూర్చోబెట్టి ఖాతూన్‌బీ చదివి చెప్పింది. ఆమె ఉర్దూ బడిలో ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి, తప్పు చదవదు. "యోబప్పా, ఇది చదవల్నా, వద్దా?" అంది. చదువు అన్నాను. "ఆ డప్పు కొట్టినోని చేతులు నరకాలంట." ఎవడు వాడు అన్నాను. "పేరు లేదు. పిల్లి బొమ్మ పెట్టుకోనుండాడు." అలవాటు కొద్దీ "ఏ పార్టీ?" అని నోరు జారాను. ఖాతూన్‌బీ కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పార్టీ యాడిదప్పా! ఆట ఆడుకునేటోడు వాడు. యా దేశంలో ఉండాడో ఏమో." నేను నవ్వలేదు. చేతులు నరకడం మీద నాకు నవ్వు రాదు. ఇప్పుడు బస్సు ప్రొద్దుటూరు దారి పట్టింది. ఒళ్ళో గోనెసంచిలో పలక ఉంది. డప్పును మా వైపు పలక అంటాం. జేబులో ఆ కాగితాలు చెమటకు తడుస్తున్నాయి. ప్రొద్దుటూరులో నా కూతురు రూతమ్మ ఎదురు చూస్తోంది. గంట దారి. ఈ గంటలో తేల్చుకోవాలి, ఒక దెబ్బ కొట్టాలా, వద్దా అని.

కండక్టరు వచ్చి సంచి మీద వేలితో తట్టాడు. "పలకనా మామా? ఎవురు సచ్చినారు?" ఎవరూ చావలేదన్నాను. "మరి ఎలక్షన్లు గూడా అయిపాయ గదా!" అన్నాడు. చావుకో ఎలక్షన్లకో తప్ప పలక బయటికి రాదని వాడి లెక్క. వాడి లెక్క తప్పు కాదు. మా కాలంలో ఆ రెండూ ఒకటే. టికెట్టు చించి ఇచ్చి, "దానికి హాఫ్ టికెట్టు కొట్టల్నా?" అని నవ్వుకుంటూ పోయాడు. బస్సు అద్దాలు గడగడమంటున్నాయి. వద్దన్నా చెవి లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలకాయ తిప్పి బయటికి చూస్తాను. నాపరాళ్ళు నిలువుగా పాతిన గట్లు, ఎండిన శనగ చేలు. బస్సు గతుకులో పడుతుంది. ఐదు.

రూతమ్మ బెంగుళూరులో పదకొండు మంది ఉన్న కంపెనీలో చేస్తుంది. అరచేతిలో ఇమిడే మిషను మీద ఆడే ఆటలు తయారుచేస్తారు. అందులో శబ్దాల పని ఈమెది. పోయిన ఏడు 'పన్నెండు దరువులు' అని ఒక ఆట చేశారు. దరువు మోగుతుంటే అద్దం మీద పైనుంచి చుక్కలు రాలుతుంటాయి. చుక్క గీత మీదికి వచ్చిన క్షణాన బొటనవేలితో మీట నొక్కాలి. ముందు నొక్కినా తప్పే, వెనక నొక్కినా తప్పే. ఒక్క తప్పు చేస్తే అంతవరకు కట్టుకుంటూ వచ్చిన గొలుసంతా తెగుతుంది. పన్నెండింటిలో తొమ్మిదోది నాది. అందులో రెండో నిమిషం దాటాక ఒక చోట దెబ్బ లేదు. దెబ్బ లేదు కాబట్టి చుక్కా లేదు. వేలు మాత్రం ఆగదు, అలవాటుగా పడుతుంది. గొలుసు తెగుతుంది. ఖాతూన్‌బీకి రూతమ్మ ఆ మిషను ఇచ్చి పోయింది. ఆమె ఆడి చూసి, "మెట్టు ఉందనుకోని కాలు పెట్టినట్లుందప్పా, గుండె జల్లుమనె" అంది. నేను ఆడలేదు. ఆడను.

జేబులోని కాగితాలు ఆ ఆట మీద పత్రికలవాళ్ళూ ఆడినవాళ్ళూ రాసినవి, వాటి నిండా ఆ ఖాళీ గురించే. బొంబాయి పత్రికవాడు పదికి ఆరున్నర ఇచ్చాడు. మిగతా పదకొండూ బాగున్నాయట, తొమ్మిదో దాంట్లో దెబ్బ పోవడం చేసినవాళ్ళ నిర్లక్ష్యమట. ఇంకొకడు నాలుగిచ్చి, వాయించినవాడు తాగి ఉంటాడని రాశాడు. నేను కల్లు కూడా ముట్టను. మరొకడు తొమ్మిది ఇచ్చాడు. ఆ ఖాళీలోనే పల్లె అందమంతా ఉందట. నాలుగిచ్చినవాడి కంటే వీడి మీద నాకు ఎక్కువ మంట. అందం! వాడి కాలర్ పట్టుకుని మా ఊరి గోడ పక్కన నిలబెట్టాలి. తర్వాత ఆ నరకాలన్నవాడు. అన్నిటికంటే చివరి కాగితం ఎవరో ఆడమనిషిది. ఏడు మార్కులు. "ఇక్కడ వాయించేవాడు దెబ్బ మరిచిపోలేదు. చెయ్యి లేచింది. లేచి, ఏదో చూసి, కిందికి రాలేదు. ఏం చూసిందో నాకు తెలియదు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా మిషను పక్కన పెట్టేశాను." ఖాతూన్‌బీ దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి నేనే అడిగాను. సీఐ నన్ను మూడు రోజులు కూర్చోబెట్టి అడిగాడు, లాయరు అడిగాడు, జడ్జీ ముక్కు మీద వేలుపెట్టుకుని నా మొహం చూశాడు. పదహారేళ్ళలో ఒక్కడికీ వినపడలేదు. సముద్రాల అవతల ఎవరో బొటనవేలితో కనిపెట్టింది.

చేతులు నరకడం అంటే ఆ పిల్లి బొమ్మవాడికి తెలియదు. నా తమ్ముడు సాలోమోను కుడి చెయ్యి మణికట్టు దగ్గర నరికారు. తొంభైరెండులో, చెనక్కాయ కల్లంలో. ఒకే వేటుకు పోలేదు, మూడు వేట్లు పడ్డాయి. మా రెడ్డి గెలిచినప్పుడు ఊరేగింపులో పలక కొట్టాడని. చెయ్యి ఒకచోట, సిర్ర ఒకచోట పడ్డాయి. సిర్ర అంటే పలక కొట్టే లావుపాటి పుల్ల. వాడు నొప్పికి ఏడవలేదు, సిర్ర యాడుందని అడిగాడు. నరికించింది సుబ్బరాయుడు, ఎదురు పార్టీ పెద్ద. ఆ మరుసటి ఏడు ఇంకో ఎలక్షనులో సుబ్బరాయుడు గెలిచాడు. గెలిచి, తన ఊరేగింపుకు ముందు పలక కొట్టడానికి నన్నే పిలిపించాడు. ఊళ్ళో వేరే ఎవరూ లేక కాదు. చెయ్యి పోయినవాడి అన్న తన ముందు వెనక్కి నడుస్తూ కొట్టాలని. అదీ పద్ధతి. ముందు కొట్టేవాడు పెద్దమనిషికి వీపు చూపకూడదు, ఏడడుగుల దూరంలో ఆయన మొహం చూస్తూ వెనక్కి నడవాలి. పోనంటే, నరకడానికి మా ఇంట్లో ఇంకా రెండు చేతులు ఉన్నాయి. నావి.

మా వంశంలో పలక వద్దనుకున్నారు. మా తాత తెల్లదొర చేతిలో బాప్తిస్మం తీసుకున్న రోజున పలకను చింపి పొయ్యిలో వేశాడట. చచ్చిన గొడ్డు చర్మం, అన్యుల పండగలు, మనకొద్దు అని. మా నాయన ముట్టలేదు. నేను ఏడో తరగతి దాకా మిషను బడిలో చదివి, ముట్టాను. మా పాస్టరు అయ్యగారు నాకు ప్రభువు బల్ల నిలిపివేశాడు, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనన్నాడు. గుడి వాకిట్లో అందరి ముందు రాహేలు, నా భార్య, ఆయన్ను అడిగింది. "అయ్యగారూ, అడవిలో దేవుని గుడారానికి పొట్టేళ్ళ తోలు కప్పినారంట గదా. దేవునికి తోలంటే కోపమైతే ఆడ ఎట్ల ఉన్న్యాడు?" ఆయన బైబిలు మూసుకుని లోపలికి పోయాడు. రాహేలు అట్లాంటిది. నేను కొట్టడానికి పోతే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వెనకే వచ్చేది. చల్లగాలికి పలక మెత్తబడుతుంది. గడ్డి మంట చూపితే బిగుస్తుంది. ఎంత సెగ పెట్టాలో నాకంటే ఆమెకే బాగా తెలుసు. గోటితో తట్టి, చెవి పెట్టి, చాలు అనేది. బస్సు ఆగింది. ఎవరో ఎక్కారు. గడ్డి వాసన. ఎవరి చేతిలోనూ గడ్డి లేదు. నా గోనెసంచిదే.

సుబ్బరాయుడి కబురు సంగతి తెలిసి రెడ్డి మనిషి నన్ను నాపరాయి గనికి పిలిపించాడు. గుంటలో నిలబడి మాట్లాడాడు, మాట పైకి పోకుండా. "నీ తమ్ముని చెయ్యి గుర్తుండాదా యోబూ?" గుర్తుంది అన్నాను. "నువ్వేం జేసేది లేదు. కత్తి పట్టేది లేదు. కొట్టేది గూడా లేదప్పా. ఒక దెబ్బ కొట్టకుండ ఉండేదే." మా నడక దరువు ఏడు దెబ్బలది. మొదటి ఐదూ ముందు నడిచేవాడివి, ఒక్కడివే. చివరి రెండూ వెనకవాళ్ళంతా కలిసి అందుకుంటారు. పాత గానుగ పక్కన ఎత్తు గోడ ఉంది. దాని వెనక బాంబులు పట్టుకుని నలుగురు కూర్చుంటారు. తల ఎత్తితే కనపడతారు, కాబట్టి ఎత్తరు. చూడలేరు, వింటారు. సుబ్బరాయుడు గోడకు సరిగ్గా వచ్చినప్పుడు నేను ఐదో దెబ్బ వదిలేయాలి. అదే గుర్తు. ఏ కోర్టులో ఎవడు రుజువు చేస్తాడు, కొట్టని దెబ్బను? నేను ఒప్పుకున్నాను. రెడ్డి భయపెట్టాడని సీఐకి ఆ తర్వాత చెబుదామనుకున్నాను, చెప్పలేదు. భయంతో కాదు, ఇష్టంతో ఒప్పుకున్నాను. సాలోమోను ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటుంటే చూసి ఒప్పుకున్నాను.

ఆ రోజు ఆదివారం. గుడికి పో, నాతో రావద్దు అని రాహేలుకు చెప్పాను. "ఎందుకు?" "రావద్దంటే రావద్దు." "తుంపర పడతాంది గదా. పలక మెత్తబడతాది." "పడనీ." ఆమె నా మొహం చూసింది. ఎందుకో చెప్పి ఉంటే? చెప్పలేదు. ఆడదానికి చెప్పేదేంది అనుకున్నాను. రూతమ్మకు ఆరేళ్ళు, గుడిలో వాక్యం అప్పజెప్పడానికి జడలు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను పోయాను. రంగు నీళ్ళు, టపాకాయలు, జీపులు. సుబ్బరాయుడు మెడ నిండా దండలు, పక్కన తుపాకీ పట్టిన ఇద్దరు. నా వంకే చూసి నవ్వుతున్నాడు. నేను వెనక్కి నడుస్తున్నాను. మడమలకు దారి తెలుసు. తుంపర పడుతూనే ఉంది. వెనక కొట్టే హబీబుల్లా పలక మెత్తబడి బొదబొదమంటోంది. "గడ్డి, గడ్డి!" అని వాడు అరవడం విన్నాను. గానుగ వచ్చింది. ఒకటి. గోడ. రెండు. సుబ్బరాయుడు దండ సర్దుకున్నాడు. మూడు. జనంలోంచి గడ్డిమోపు ఒకటి ముందుకు వచ్చింది. నాలుగు. మోపు కింద రాహేలు. సుబ్బరాయుడికి మూరెడు దూరంలో. నన్ను చూసి, నేను వద్దన్నా వచ్చినందుకు, తప్పు చేసిన చిన్నపిల్లలా నవ్వింది.

నా చెయ్యి పైన ఉంది. ఇక్కడే. బస్సు కదిలినా, నిద్రపోయినా, అన్నం తిన్నా నేను ఇక్కడే ఉన్నాను. చెయ్యి దించితే దెబ్బ పడుతుంది. దెబ్బ పడితే గోడ వెనకవాళ్ళు కదలరు. సుబ్బరాయుడు బతుకుతాడు, ఆమె బతుకుతుంది, ఆ సాయంత్రం రెడ్డి మనుషులు నన్ను నరుకుతారు. అంతే లెక్క. ఇంత లెక్క ఆ కాసేపట్లో నేను వేశానా? వేశాననే అనుకుంటాను. వేయలేదని కూడా అనుకుంటాను. చెయ్యి దానంతట అదే ఆగిందని పదేళ్ళు చెప్పుకున్నాను. కాదు. చూశాను. చూసి, ఆపాను. చివరి రెండు దెబ్బలు మావాళ్ళు అలవాటుగా కొట్టారు. ఆ రెండింటి మీదే గోడ మీంచి నాలుగు బాంబులూ వచ్చాయి. శబ్దం నాకు గుర్తు లేదు. చెవుల్లో దూది కుక్కినట్టయింది. మట్టి పైకి లేచి మెల్లగా కిందికి వచ్చింది. తుపాకీవాడి మోకాలి కింద ఏమీ లేదు, వాడు నిలబడాలని చూస్తున్నాడు. దండలు అంటుకున్నాయి. గడ్డిమోపు అంటుకుంది, తుంపరకు పొగ తెల్లగా లేచింది, మోపు కింద ఆమె ఉంది. నేను చేతులతో ఆ మంటను లాగాను. ఆమె చెయ్యి వచ్చింది. చెయ్యి ఒక్కటే వచ్చింది. గోళ్ళ సందుల్లో గడ్డి ఉంది.

సుబ్బరాయుడు బతికాడు. ఒక చెవి పోయింది. మూడేళ్ళకు ఆయనా రెడ్డీ ఒకే పార్టీలో చేరారు. పులివెందులలో కల్యాణమండపం తీసుకుని రాజీ భోజనాలు పెట్టారు. పెట్టి, పలక కొట్టడానికి నాకు కబురు పెట్టారు. చెయ్యి నొప్పి అన్నాను. "పొరపాటయ్యింది యోబూ, ఆడమనిషి అడ్డమొస్తాదని ఎవురనుకుంటారు" అని రెడ్డి మనిషి ఒకసారి దారిలో ఆపి చెప్పాడు. వాడి మొహం మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. నాకు బడిలో గంట కొట్టే ఉద్యోగం వేయించింది వాడే. తొంభైతొమ్మిదిలో రెడ్డిని ఇదే రోడ్డు మీద జీపులోంచి లాగి నరికారు. ఉంగరం చూసి ఆయన భార్య గుర్తుపట్టింది. నేను పోయి చూశాను. రాళ్ళు చూసినట్టు చూశాను. అదిగో, ఆ కల్వర్టే. దాటాం. రూతమ్మ హాస్టల్లో పెరిగింది. అమ్మ బాంబులో పోయిందని తెలుసు. నాన్న ఎదురుగా పలక కొడుతున్నాడని తెలుసు. అంతవరకే తెలుసు.

పోయిన ఎండాకాలం రూతమ్మ వచ్చి, అమ్మకు ఇష్టమైన నడక దరువు కొట్టు నాన్నా అని మైకు పెట్టింది. పదిహేనేళ్ళ తర్వాత పలక దించాను. కళ్ళు మూసుకున్నాను. నేను తోలలేదు, చెయ్యే తోలుకుంటూ పోయింది, గానుగ దగ్గరికి పోయింది, గోడ దగ్గరికి పోయింది, లేచింది, ఆగింది. కళ్ళు తెరిచేసరికి రూతమ్మ నవ్వుతోంది. "ఆడ భలే ఆపినావు నాన్నా! మన ఊరి పద్ధతా?" ఊ అన్నాను. ఆ ఒక్క 'ఊ' పట్టుకుని అది కంపెనీలో కొట్లాడింది. పత్రికలవాళ్ళు తిడితే జవాబు రాసింది, అది మా ఊరి ఆచారం, తప్పు కాదు, తెలియకపోతే తెలుసుకోండి అని. ఓనరు, ఊరి ఆచారం కొనేవాళ్ళకెట్లా తెలుస్తుంది, దెబ్బ పెడతావా, తొమ్మిదో దరువునూ నిన్నూ కలిపి తీసేయనా అన్నాడు. ఇవాళ సాయంత్రం దాకా గడువు. మిషనుతో దెబ్బ అతికించడానికి అది ఒప్పుకోలేదు. మా నాన్నే కొడతాడు అని రాత్రి బస్సెక్కి వచ్చింది. నా అబద్ధం మీద నా బిడ్డ నిలబడి ఉంది.

ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వీధి, మేడ మీద చిన్న గది, గోడలకు పరుపులు అతికించి, మధ్యలో అద్దం అడ్డం పెట్టారు. భజన పాటలూ ఎలక్షన్ పాటలూ అక్కడే పట్టిస్తారట. రూతమ్మ నా చేతిలోంచి సంచి తీసుకుని పలక తీసింది. గడ్డి మంట పెట్టనివ్వరని, జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి, తోలుకు వేడిగాలి పట్టింది. గోటితో తట్టి, చెవి పెట్టింది. "చాలు" అంది. ఎవరూ నేర్పలేదు. దాని వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను. "ఏంది నాన్నా, అట్ల చూస్తాండావు?" ఏం లేదు అన్నాను. అది అద్దం అవతలికి పోయి చెవులకు తగిలించుకుంది. రికార్డు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. "ఆడికొచ్చినప్పుడు ఒక్క దెబ్బ నాన్నా. అంతే. ఎక్కువేం లేదు."

కళ్ళు మూసుకోలేదు. గానుగ వచ్చింది. ఒకటి. గోడ. రెండు. మూడు. నాలుగు. చెయ్యి లేచింది. అద్దం అవతల రూతమ్మ ముందుకు వంగింది, వాళ్ళమ్మ నవ్విన నవ్వే నవ్వింది. కొట్టాను. ఐదో దెబ్బ పడింది. ఆరు, ఏడు పడ్డాయి. ఏదీ పేలలేదు. ఎవరూ అరవలేదు. గది గదిగానే ఉంది. దరువు చివరి దాకా పోయి ఆగింది. రూతమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "సరిపాయ నాన్నా! ఇంగ ఎవురూ ఒక్క మాట అనలేరు!"

ఇంత సులువు. చెయ్యి జానెడు కిందికి దించడం. పసిబిడ్డ కూడా చేస్తుంది. పదహారేళ్ళూ అదేదో కొండ ఎత్తాల్సిన పని అన్నట్టు నాకు నేను చెప్పుకున్నాను. జానెడు.

"అది చెరిపెయ్ పాపా."

"ఏంది?"

"చెరిపెయ్. ముందుదే ఉండనీ."

"నాన్నా, నా ఉద్యోగం పోతాది."

"పోతాది. అది మన ఊరి పద్ధతి గాదు. నీకు అబద్ధం చెప్పినా. ఈ పక్కకొచ్చి కూచో."

అద్దం అవతలి నుంచి వచ్చింది. కూర్చోలేదు, తలుపు పట్టుకుని నిలబడింది. పలక ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని నేల మీద పెట్టాను, సిర్ర దాని మీద పెట్టాను. చేతులు రెండూ మోకాళ్ళ మీద, దానికి కనపడేటట్టు పెట్టుకున్నాను.

"ఆడ దెబ్బ లేకపోతే గోడెనక వాళ్ళు ఏస్తారు. అదీ గుర్తు. గుర్తు ఇచ్చింది నేను. మీ అమ్మ గడ్డి పట్టుకోని ముందరికొచ్చె. నేను చూసినా. నాలుగో దెబ్బకే చూసినా పాపా. ఐదోది నా చేతిలోనే ఉన్న్యాది."

రూతమ్మ మొహంలోంచి రక్తం దిగిపోవడం చూశాను. చూపు తిప్పుకోలేదు. అది నా మొహం చూడలేదు, నా చేతులనే చూస్తోంది. దాని వెనక, అద్దం అవతల, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అది వెనక్కి తిరిగి దీపాన్ని చూసింది. ఆపలేదు. ఆపమని నేనూ అనలేదు.